తవుడు సంచి

టెక్కలి పాత బస్టాండు ఎదుట నా స్టూడియో.
ముప్పై ఏళ్లుగా తలంబ్రాలు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు మొహాలు.
ఎవరూ నాకు ఆరడుగులకు మించి ఎడంగా నిలబడలేదు.
దూరమంటే ఎంతో
తేలినీలాపురంలోనే తెలిసింది:
చింతచెట్టు చిటారున గూడబాతు,
నా మూడొందల లెన్సులో
ఆవగింజంత.

విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది టెలీకన్వర్టర్.
అరచేతిలో ఇమిడే నల్ల కడియం, లోపల అద్దాలు.
బాడీకీ లెన్సుకీ నడుమ
పెళ్లిళ్ల పేరయ్యలా కూర్చుంటుంది.
మూడొందల్ని ఆరొందలు చేసి చూపిస్తుంది.
కమీషన్ మాత్రం వెలుగులో తీసుకుంటుంది:
నాలుగు పాళ్లలో మూడు తనకి,
ఒక్కటి నాకు.

డిసెంబరు పొద్దు. నౌపడ ఉప్పు మడుల మీంచి గాలి.
ఊళ్లో ఇంకా పడని సందె
వ్యూఫైండర్లో ముందే పడింది.
ఫోకస్ గిర్రున ముందుకెళ్లి, వెనక్కొచ్చి,
చీకట్లో గొళ్లెం తడుముకునేవాడిలా
దొరక్క దొరక్క చివరికి ఒక ఎండుకొమ్మను పట్టుకుంది.
ఆటో ఆపేసి వేళ్లతో తిప్పాను.

ఇంటికొచ్చి చూస్తే
నూట పన్నెండు ఫొటోలూ అలుక్కుపోయాయి.
ఒక్కో పక్షికి రెండేసి ముక్కులు.

కొన్నచోటికే పంపించేశాను.
వారానికి ఫోన్: "సార్, అద్దం బానే ఉంది.
స్టాండు మీద పెట్టి తీశాం. ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు."
ఇంకేం అనలేదతను.
టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.
టీ మీద సన్న సన్నటి అలలు.
ఎప్పట్నుంచో ఆ అలల్ని
ఫ్యాను గాలి అనుకుంటున్నాను.

పెళ్లిలో ఫ్లాష్ వెలిగితే చాలు,
ఏ వణుకైనా ఆగినట్టే ఉంటుంది.
ఇన్ని వందల పెళ్లికొడుకులు కనిపెట్టలేదు.
మా ఆవిడ కనిపెట్టలేదు, లేక
కనిపెట్టి ఊరుకుందేమో.
చెప్పింది మాత్రం ఈ కడియం.
దూరాన్నే రెండింతలు చేస్తుందనుకున్నాను.
దానికలాంటి పట్టింపేం లేదు,
చేతికి ఏది అందిస్తే అది.

మళ్లీ వెళ్లాను. స్టాండు కొనలేదు.
డబ్బు మాట అటుంచి,
దానికి మూడు కాళ్లుంటే
నా రెండు చేతుల సంగతి ఒప్పుకున్నట్టు కదా.

గోడవారన తవిటమ్మ.
గూళ్లలోంచి జారిన పిల్లల్ని ఏరి బుట్టలో పెట్టేది ఆవిడే.
"ఏటి బావూ, సలేస్తందా?"
"లేదమ్మా."
"మరి సెయ్యలా ఆడతాదేటి?"

నేనేం చెప్పేలోపే లోపలికెళ్లి
ఒక గోనెసంచి తెచ్చి గోడ మీద పడేసింది.
"తవుడు. గేదికి కలపాల. కాసేపు ఆనించుకో.
నలుగురు పోయాక నాను పుట్టానట.
మాయమ్మ గుప్పెడు తవుడుకి నన్ను పక్కింటోలకి ఇచ్చేసి
మల్లీ కొనుక్కుంది.
నాను నిలబడిపోనాను.
నీ డబ్బా నిలబడదేటి?"

సంచి నడుమ గుంట చేసి లెన్సుని పడుకోబెట్టాను.
ఊపిరి సగం వదిలి, మిగతా సగం ఆపాను.
మిగిలింది ఒక్క పాలు వెలుగే.
తల్లి నోరు తెరిచింది.
పిల్ల మెడదాకా ఆ గొంతుసంచిలో మునిగిపోయింది.
తల్లి కన్ను, కంటి చుట్టూ మాసిన పసుపు,
ముక్కు అంచున నీలిచుక్కల వరస.
ఒక్కటే ముక్కు.

తవిటమ్మకి తెరమీద చూపించాను.
కళ్లు చికిలించింది.
"ఇంత దగ్గరికెల్లిపోతే దానికి బయ్యమెయ్యదేటి?"
"నేనిక్కడే ఉన్నాను కదమ్మా."
"అవునేటి," అంది, నమ్మనట్టు.

పొద్దు వాలాక సంచి ఎత్తుకుపోయి
కుడితి తొట్టిలో కుమ్మరించింది.
లెన్సు పడుకున్న గుంట ఎటు చెదిరిందో,
గేదె మూతి ముంచింది.

స్కూటరు తాళంచెవి
మూడోసారికి గానీ
కన్నంలో దూరలేదు.